నాడె కట్టె పిడి

పంజాగుట్టలో మెట్రో వంతెన దగ్గర నుంచి లోపలికి పోయే సందులో, ఒక పాత భవనం మొదటి అంతస్తులో ఆయుధాల డీలరు దుకాణం ఉంది. ఎల్లేశం ఆ మెట్లు ఎక్కడం అదే మొదటిసారి. అమీర్‌పేటలో బట్టలు కుట్టి బతికిన మనిషికి తుపాకుల దుకాణంతో పని పడుతుందని ఆయన ఎన్నడూ అనుకోలేదు. కొడుకు సురేశ్ రివాల్వర్ కోర్టు నుంచి విడుదలై అక్కడికి చేరింది. లైసెన్సు సురేశ్ పేరు మీద ఉండేది. సురేశ్ లేడు. ఇంట్లో ఇంకెవరికీ లైసెన్సు లేదు కాబట్టి దాన్ని ఇంటికి తీసుకుపోవడానికి వీల్లేదు. అమ్మకానికి ఒప్పుకుని సంతకం పెట్టి పొమ్మని ఫోన్లో చెప్పారు.

సంతకం పెట్టడానికి ఎల్లేశానికి అభ్యంతరం లేదు. దానికన్నా ముందు ఆయనకు ఒక సంగతి తెలియాలి.

సురేశ్ ఒక సెక్యూరిటీ ఏజెన్సీలో గన్‌మ్యాన్. అమీర్‌పేటలో ఒక నగల దుకాణం ముందు డ్యూటీ. మూడేళ్ల కిందట, షట్టర్ దించే వేళకు ముగ్గురు వచ్చారు. ఇద్దరు లోపలికి దూరారు. ఒకడు కత్తి పట్టుకుని సురేశ్ మీదికి వచ్చాడు. సురేశ్ రివాల్వర్ తీశాడు. అది పేలలేదు. కత్తిపోటుకు సురేశ్ అక్కడే పడిపోయాడు, ఆసుపత్రికి చేరేలోపు ప్రాణం పోయింది. దొంగలు జహీరాబాద్ దారిలో దొరికారు. నేరం ఒప్పుకున్నారు, శిక్ష పడింది. తుపాకి ఎందుకు పేలలేదన్న ప్రశ్నతో ఆ కేసుకు పని లేకపోయింది. ఎవరూ అడగలేదు.

కానీ వీడియో ఉంది. ఎదురు దుకాణం కెమెరాలో పడింది. దానికి శబ్దం లేదు. సురేశ్ చెయ్యి చాచి రివాల్వర్ పట్టుకుని నిలబడతాడు. కత్తి ఉన్నవాడు దగ్గరికి వస్తాడు. సురేశ్ అట్లాగే ఉంటాడు. ఆ వీడియో ఫోన్లలో తిరిగింది. చేతిలో తుపాకి పెట్టుకుని బొమ్మలాగా నిలబడ్డాడని చూసినవాళ్లందరూ అన్నారు. ఏజెన్సీలో తోటి గార్డులు అన్నారు. దినాలకు సిరిసిల్ల నుంచి వచ్చిన చుట్టాలు బయట కుర్చీల్లో కూర్చుని గొంతు తగ్గించి అన్నారు. నేసేవాళ్ల ఇంట్లో పుట్టినవాడికి తుపాకి నౌకరీ ఎందుకని ఒక పెద్దమనిషి అడిగిన మాట, లోపల బియ్యం కొలుస్తున్న ఎల్లేశం చెవిన పడింది.

ఎల్లేశం ఆ వీడియో చాలాసార్లు చూశాడు. ఆయన చూసింది కొడుకు ముఖం కాదు, చూపుడు వేలు. వేలు కదిలిందా, లేదా? బొమ్మను పెద్దది చేస్తే వేలు చుక్కలు చుక్కలుగా విడిపోయేది. సురేశ్ తల్లి మణెమ్మ ఆ వీడియో ఒక్కసారి కూడా చూడలేదు. ఆయన ఫోను చేతిలో పట్టుకుంటే ఆమె లేచి వంటింట్లోకి పోయేది.

దుకాణంలో కౌంటర్ దగ్గరి మనిషి కాగితం ముందుకు జరిపాడు. ఎల్లేశం పెన్ను ముట్టుకోలేదు. నా కొడుకు ట్రిగ్గర్ నొక్కిండా లేదా, దాన్ని చూస్తే తెలుస్తుందా అని అడిగాడు. కౌంటర్ మనిషి వెనక్కి తిరిగి చూశాడు. వెనక గదిలో బల్ల దగ్గర పనిచేసుకుంటున్న రామకృష్ణ ఆ మాట విని తల ఎత్తాడు.

"ఇలా రండి. ఇక్కడ కూర్చోండి" అన్నాడు.

రామకృష్ణ పోలీసు శాఖలో ఆయుధాలు బాగుచేసే పని చేసి రిటైరయ్యాడు. గుంటూరు వైపు మనిషి, శ్రీనగర్ కాలనీలో ఉంటాడు. పొద్దుపోక ఈ దుకాణానికి వచ్చి పాత తుపాకులు చూస్తుంటాడు. ఆయన కోర్టు సీలు ఉన్న సంచి తెచ్చి, కౌంటర్ మనిషి ముందే విప్పాడు. రివాల్వర్ ఒక కవర్లో, తూటాలు ఇంకో కవర్లో ఉన్నాయి. రివాల్వర్ అరచేతికి కొంచెం ఎక్కువ. ఎల్లేశం చేతులు ఒళ్లో పెట్టుకుని చూశాడు.

"ముప్పై రెండు బోరు, చిన్న ఫ్రేము" అన్నాడు రామకృష్ణ. "ఇలాంటివి చాలా చూశానండీ. దీనికి మాత్రం ఎవరో ఏవేవో పనులు చేశారు."

మొదట హ్యామర్ చూపించాడు. ట్రిగ్గర్ నొక్కితే వెనక నుంచి వచ్చి తూటాను కొట్టే ముక్క అది. దానికి పైన బొటనవేలితో లాగేందుకు ఒక తోక ఉంటుంది. దీనికి ఆ తోక లేదు. ఎక్కడో కింద పడి విరిగి ఉంటుందని, తర్వాత ఆకురాయి పెట్టి నునుపు చేసి ఉంటారని రామకృష్ణ అన్నాడు. కాకపోతే మఫ్టీలో తిరిగేవాళ్లు ఎవరైనా పూర్వం దీన్ని వాడి ఉండాలి, వాళ్లు అలా కోయించుకునేవాళ్లు అన్నాడు.

"జేబు చినుగుతుందని, సార్" అన్నాడు ఎల్లేశం.

"ఏంటి?"

ఎల్లేశం చెప్పాడు. సురేశ్ ప్యాంటుకు నడుము లోపలి వైపు ఆయనే ఒక జేబు కుట్టాడు. తుపాకి తీసినప్పుడల్లా ఆ తోక లైనింగ్ పోగులు పట్టి గుంజేది. లైనింగ్ మార్చి మార్చి విసిగిపోయి, దాని తోక కోయించుకుని రా అని కొడుకుతో తానే అన్నాడు. సురేశ్ సనత్‌నగర్‌లో ఒక లేత్ షాపుకు పోయి కోయించుకొచ్చాడు.

రామకృష్ణ నవ్వాడు. "తుపాకి కోసం జేబు మారుస్తారు గానీ, జేబు కోసం తుపాకి కోస్తారటండీ?"

"నేను టైలర్ను సార్. నాకు జేబే ముఖ్యం."

అనుమతి లేకుండా అట్లా కోయించడం తప్పని రామకృష్ణ చెప్పాడు. తోక పోతే హ్యామర్ బరువు తగ్గుతుంది, దెబ్బ కూడా కొంచెం తగ్గుతుంది అన్నాడు. స్ప్రింగ్ లాగి చూసి, ఇది గట్టిగానే ఉంది, దీనివల్ల ఆగిపోదు అన్నాడు.

తర్వాత పిడి చూశాడు. కంపెనీ పెట్టిన ప్లాస్టిక్ పిడి కాదు. కట్టె. చేత్తో చెక్కింది. ఎడమ వైపు అందులో ఒక తెల్లని పింగాణీ చుట్టు దిగేసి ఉంది, దాని మధ్య బెజ్జం. రామకృష్ణ దాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు. మణికట్టుకు తాడు కట్టుకోవడానికా అన్నాడు. లేకపోతే దిష్టికి పెట్టిన పూసా అన్నాడు.

"నాడె సార్. మగ్గం మీద అటు ఇటు ఉరుకుతది కదా, ఆ నాడె. మా నాయిన నేసిన నాడె. దారం ఆ కన్నుల కెల్లి బయటికొస్తది."

మగ్గం అమ్మినప్పుడు ఎల్లేశం నాడెను మాత్రం అట్టిపెట్టుకున్నాడు. సురేశ్ ఈ రివాల్వర్ కొన్నప్పుడు పిడి పగిలి ఉంది, పైగా వాడి చేతికి పెద్దది. ఎల్లేశమే నాడెను రెండుగా కోసి, చాకుతో చెక్కి, గరుకు కాగితంతో రుద్ది బిగించాడు. కన్ను తీసేద్దామనుకుంటే సురేశ్ వద్దన్నాడు. పట్టుకుంటే బొటనవేలు సరిగ్గా దాని మీదే ఆనుతుంది, తాత చేతిల ఉన్నట్టు ఉంది బాపూ అన్నాడు.

రామకృష్ణ పిడిని చేతిలోకి తీసుకుని బొటనవేలు ఆ కన్ను మీద పెట్టబోయాడు. వేలు దాటి పోయింది.

"చెయ్యి చిన్నది" అన్నాడు.

ఎల్లేశం కిటికీ వైపు చూశాడు. కింద మెట్రో స్టేషన్ నుంచి జనం దిగుతున్నారు.

తూటాలు తెల్లగుడ్డ మీద వరసగా నిలబెట్టి రామకృష్ణ భూతద్దం తీశాడు. ఒక్కొక్కదాన్నీ తిప్పి అడుగు చూశాడు. మూడింటిని ఒక పక్కకు జరిపాడు. మళ్లీ చూశాడు. తర్వాత భూతద్దం ఎల్లేశం చేతికి ఇచ్చాడు.

"అడుగున మధ్యలో గుండ్రంగా బిళ్లలా ఉంది చూడండి. హ్యామర్ దాన్నే కొట్టాలి. మిగతావాటి మీద ఏమీ లేదు. ఈ మూడింటి మీద గుంట ఉంది. కనపడిందా?"

"చిన్నగున్నది."

"చిన్నదే. కానీ ఉంది. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఈ సిలిండర్ తిరుగుతుంది, కొత్త తూటా ఎదురుగా వస్తుంది. మూడు తూటాల మీద మూడు గుంటలు. మీ అబ్బాయి మూడుసార్లు నొక్కాడండీ."

ఎల్లేశం మళ్లీ చెప్పమన్నాడు. రామకృష్ణ మళ్లీ చెప్పాడు. నిలబడిపోలేదు, వాడు దగ్గరికి వచ్చేదాకా నొక్కుతూనే ఉన్నాడు అన్నాడు. వీడియోలో శబ్దం లేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు.

ముట్టుకోవచ్చా అని ఎల్లేశం అడిగాడు. రామకృష్ణ తల ఊపాడు. ఎల్లేశం మూడో తూటా అడుగున చిటికెన వేలు పెట్టాడు. కుట్టు పనిలో అరిగిన వేలికి ఆ గుంట తగిలింది. భుజం మీది తువ్వాల తీసి ముఖం తుడుచుకున్నాడు. ఒకసారి తుడిస్తే ఆగలేదు. రామకృష్ణ లేచి పోయి మంచినీళ్లు తెచ్చి బల్ల మీద పెట్టి, కాసేపు స్క్రూలు ఏరుతున్నట్టు తల వంచుకుని కూర్చున్నాడు.

"మరి ఎందుకు పేలలే సార్?" అన్నాడు ఎల్లేశం కొంతసేపటికి.

గుంటలు లోతు లేవు, దెబ్బ పూర్తిగా పడలేదు, మధ్యలో ఏదో ఆపింది అన్నాడు రామకృష్ణ. పక్క పలక విప్పి టార్చి వేశాడు. హ్యామర్ వచ్చి తాకే చోట, ముందున్న సందులో, లక్క లాంటి పదార్థం పేరుకుని గట్టిపడి ఉంది. పసుపు రంగు. ఫ్రేము పక్క భాగంలో ఇనుము మీద మూడు మచ్చలు కూడా ఉన్నాయి. వరసగా, వేలి కొస అంత, గరుకుగా. సముద్రం దగ్గర పనిచేశాడా మీవాడు, ఉప్పుగాలికి ఇలా తింటుంది అన్నాడు. లేదన్నాడు ఎల్లేశం. ఆ పసుపు రంగు ఏదో చౌక గ్రీజు అయ్యుంటుందని అంటూ, రామకృష్ణ సూది తీసుకుని సందులోనిది గీకాడు. పొడి రాలింది. దాంతోపాటు ఇంకేదో ఊడి వచ్చింది. ఆయన దాన్ని తెల్లకాగితం మీద పెట్టాడు.

బియ్యపు గింజ అంత ఉంది. పలచగా, నల్లగా ఉంది.

"పొగాకా? జేబులో చెత్తా?" అన్నాడు రామకృష్ణ.

ఎల్లేశం దాన్ని చూడగానే గుర్తుపట్టాడు. అది జమ్మి ఆకు.

దసరా నాడు మణెమ్మ ఇంట్లో, దుకాణంలో ఉన్న పనిముట్లన్నిటికీ పూజ చేసేది. కుట్టు మిషన్, కత్తెర, ఇస్త్రీ పెట్టె, సురేశ్ నౌకరీలో చేరినప్పటి నుంచి రివాల్వర్. సురేశ్ తూటాలు తీసేసి పళ్లెంలో పెట్టి ఇచ్చేవాడు. ఆమె నువ్వుల నూనెలో పసుపు కలిపి పూసేది. పక్కన వరసగా మూడు బొట్లు పెట్టేది. తర్వాత జమ్మి రెమ్మ తుంచి, పనిముట్టులో ఎక్కడ సందు ఉంటే అక్కడ ఒక ఆకు దోపేది. కత్తెరకు కీలు దగ్గర, మిషన్‌కు సూది కింది పలకలో. ఆకు లోపల ఉంటే ఏడాదంతా పనిముట్టు మాట వింటుందని ఆమె అత్త దగ్గర నేర్చుకుంది. మగ్గానికి అట్లాగే చేసేవాళ్లు.

మిషన్ దుకాణంలో ఉండేది. మణెమ్మ పూజ చేసి ఇంటికి పోయేది. మర్నాడు పొద్దున ఎల్లేశం షట్టర్ ఎత్తి మొట్టమొదట చేసే పని, కిరసనాయిలు గుడ్డతో ఆ పసుపంతా తుడిచి, పలక విప్పి ఆకు తీసేయడం. తుడవకపోతే బాబిన్ పట్టేస్తుంది. ఏటా చేశాడు. మణెమ్మకు ఎన్నడూ చెప్పలేదు. చెప్పాల్సిన సంగతి అనిపించలేదు.

ఒక ఏడు సురేశ్ కూడా దసరా మర్నాడు గుడ్డ తీసుకుని కూర్చున్నాడు. బొట్టు తుడవొద్దు, దానంతట అదే పోవాలని మణెమ్మ అన్నది. సురేశ్ గుడ్డ పక్కన పెట్టాడు. అవ్వ చెప్పినంక ఇంకేమున్నది బాపూ అని నవ్వి డ్యూటీకి పోయాడు. అప్పుడు ఎల్లేశం అక్కడే కూర్చుని చాయ్ తాగుతున్నాడు. కాసేపయ్యాక దుకాణానికి పోయి తన మిషన్ తుడుచుకున్నాడు.

రామకృష్ణ సూది కొసకు అంటిన పొడిని వాసన చూస్తున్నాడు.

"నూనె" అన్నాడు. "గ్రీజు కాదిది. పసుపేనండీ." ఫ్రేము మీది మచ్చలు మళ్లీ చూశాడు. "మా ఆర్మరీలోనూ దసరాకి పూజ చేసేవాళ్లం. తెల్లారగానే అన్నీ విప్పించి తుడిపించేవాణ్ణి. మీ ఇంట్లో దీనికి పూజ చేసేవాళ్లా?"

ఎల్లేశం బల్ల మీది నీళ్లు తీసుకుని తాగాడు.

"చేసేవాళ్లంటే కారణం అదే. కుర్రాడిని ఎవరూ ఏమీ అనడానికి లేదు. ఏజెన్సీవాళ్లు ఈ దుకాణానికే వస్తుంటారు, నన్ను అడుగుతారు, ఇలా జరిగిందని చెప్తాను. లేదంటే నేను చెప్పగలిగింది ఒకటే. గన్‌మ్యాన్ తన తుపాకి శుభ్రం చేసుకోలేదు."

ఏజెన్సీ నుంచి గార్డులకు, గార్డుల నుంచి బస్తీకి, బస్తీ నుంచి మణెమ్మకు ఆ మాట చేరడానికి ఎంతో సేపు పట్టదు. ఎల్లేశం మూడు తూటాల వైపు చూశాడు. తర్వాత కాగితం మీది ఆకు వైపు చూశాడు.

"లేదు సార్. మా ఇంట్ల తుపాకికి ఎవ్వలు పూజ చెయ్యలే."

రామకృష్ణ ఆయన ముఖం చూశాడు. ఇంకోసారి అడగలేదు. ఆకు ఉన్న కాగితాన్ని మడతపెట్టి ఎల్లేశం వైపు జరిపాడు.

"అయితే జేబులో చెత్తే అయ్యుంటుంది" అన్నాడు.

ఎల్లేశం కాగితాన్ని అంగీ జేబులో పెట్టుకుని, కౌంటర్ దగ్గరికి పోయి సంతకం పెట్టాడు.

పంజాగుట్ట నుంచి అమీర్‌పేటకు నడిచే వచ్చాడు. కోచింగ్ సెంటర్లు వదిలే వేళ. పిల్లలు సంచులు తగిలించుకుని ఫుట్‌పాత్ నిండా నడుస్తున్నారు. మెట్రో స్తంభం పక్కన చాయ్ బండి దగ్గర వివేక్ నిలబడి ఉన్నాడు. సురేశ్‌తో పాటే ఏజెన్సీలో చేరినవాడు. దొంగలు వచ్చిన రోజు అతనికి డ్యూటీ వేరే చోట పడింది. పొద్దున ఎల్లేశం డీలరు దగ్గరికి పోతున్నట్టు చెప్పి ఉన్నాడు కాబట్టి, కనుక్కుందామని ఆగాడు.

ఎల్లేశం తూటాల సంగతి చెప్పాడు. వివేక్ చాయ్ గ్లాసు బండి మీద పెట్టేశాడు.

"మూడుసార్ల, కాకా?"

"మూడుసార్లు గుంజిండు."

"నేను అందరికి చెప్త. ఆ వీడియో పెట్టినోళ్లకు సుత చెప్త. బొమ్మ అన్నరు కదా, బొమ్మ." వివేక్ కాసేపు ఆగలేకపోయాడు. ఫలానావాడు ఇట్లా అన్నాడు, ఫలానావాడు అట్లా అన్నాడని అన్నీ ఏకరువు పెట్టాడు. ఆ తర్వాత అడిగాడు. "మరి ఎందుకు పేలలే?"

"లోపల మురికి పట్టింది. తుడువలే వాడు."

"సురేశ్ తుడువకపోవుడా? బూట్లు సుత రోజు మెరిపిచ్చుకుంటుండె కదా, మేమంత పెండ్లికొడుకు అనెటోళ్లం."

"తుపాకి తుడువలే."

వివేక్ గ్లాసు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. చాయ్ వైపు చూస్తూ, ఎవరికి చెప్తున్నాడో తెలియనట్టు అన్నాడు. "గన్‌మ్యాన్ అయి తుపాకి తుడుచుకోకపోతే ఎట్ల మరి."

ఎల్లేశం తన చాయ్ తాగేసి గ్లాసు ఇచ్చాడు. రేపటికి ఏజెన్సీలో అందరూ అదే అంటారు. భయపడ్డాడు అనరు. అంతవరకు నయం. తల్లి మాట విని గుడ్డ పక్కన పెట్టినవాడిని సోమరి అంటారు. నాలుగు అడుగులు వేశాక వెనక్కి తిరిగి చూశాడు. వివేక్ అప్పటికే ఫోన్లో ఎవరికో చెప్తున్నాడు.

వాళ్లుండేది బల్కంపేటలో, రెండు గదుల వాటా. నిరుడు దుకాణం గది హాస్టల్‌వాళ్లకు పోయింది. అప్పటి నుంచి మిషన్ ఇంట్లోనే, ముందు గదిలో కిటికీ పక్కన ఉంటున్నది. మణెమ్మ గడప దగ్గర కూర్చుని రవికెకు హుక్కులు కుడుతున్నది. ఆయన చెప్పులు విడుస్తుంటే తల ఎత్తి చూసింది.

ఆయన గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు.

"గుంజిండు" అన్నాడు. "మూడుసార్లు గుంజిండు. తూటల మీద గుర్తులున్నయి. నేను వేలు పెట్టి చూసిన."

మణెమ్మ సూదిని బట్టకు గుచ్చి పక్కన పెట్టింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. నాకు ఎరుకే, వాడు భయపడేవాడు కాదు, చిన్నప్పుడు పాముకు సుత భయపడలే అన్నది. ఆమె ముఖం మూడేళ్లలో ఆయన చూడనంత తేటగా ఉంది. ఆ ముఖం చూసి ఎల్లేశం అక్కడితో ఆగిపోతే బాగుండునని అనుకున్నాడు.

"అయితే నా వల్లనే" అన్నది మణెమ్మ.

ఎల్లేశం అంగీ జేబు మీదికి చెయ్యి పోయింది.

"ఆ ఏడు పూజ చెయ్యకపోతిని" అన్నదామె. "అత్తమ్మ పోయింది కదా. ఏడాదిదాక పండుగ లేదంటిరి. అన్నిటికి బొట్టు పెట్టుకుంట వచ్చి, ఆ ఒక్క ఏడు పెట్టకపోతిని. వాడు గుంజిండు. అది పలుకలే. బొట్టు లేని ఆయుధం ఎందుకు పలుకుతది?"

ఈ మాట ఆమె మూడేళ్లుగా మోస్తున్నదని ఎల్లేశానికి అప్పుడు తెలిసింది. కొడుకు ట్రిగ్గర్ నొక్కాడో లేదో తెలియక ఆయన వీడియో చూస్తూ కూర్చున్నాడు. నొక్కాడని ఆమెకు ముందే తెలుసు. ఆమె ఆలోచించింది తుపాకి గురించి.

బొట్టుకూ దానికీ సంబంధం లేదని చెప్పాడు. నీకేం ఎరుక అన్నదామె. ఆమె మీది బరువు దిగేలా ఒక్క మాట చెప్పగలిగితే బాగుండును. ఆ ఏడు పూజ చేసినా వాడు బతికేవాడు కాడు అని చెప్పాలి. ఎందుకు బతికేవాడు కాడని అడుగుతుంది. దానికి జవాబు, అంతకు ముందటి ఏళ్ల పూజలో ఆమే దోపిన ఆకు, ఆయన అంగీ జేబులో మడత కాగితంలో ఉంది.

"మణెమ్మా, ఇను" అన్నాడు. "దాని తోక కోపిచ్చింది ఎవలు? నేను. జేబు చినుగుతుందని నేనే కోపిచ్చిన. తోక లేకుంటే దెబ్బ తక్కువ పడతదని ఆ సారు చెప్పిండు. అందుకే పేలలే. నా జేబు కోసానికి జరిగింది ఇదంత."

ఆమె ఆయన వైపు చూసింది. నమ్మాలనుకున్నట్టే చూసింది.

"నా మీదికెల్లి తీసి నీ మీద ఏసుకుంటున్నవా?" అన్నది. ఆ మాటలో కోపం లేదు. లేచి పోయి ఆయనకు అన్నం పెట్టింది.

ఆ కాగితాన్ని ఎల్లేశం మర్నాడు బయటికి తీశాడు. ఎల్లమ్మ గుడి దారిలో ఒక చెట్టు మొదట్లో ఆకును మట్టిలో వేసి, కాగితాన్ని చింపేశాడు.

తర్వాత కొద్ది రోజులకే దసరా వచ్చింది. సురేశ్ పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో పండుగ లేదు. ఈ ఏడు తప్పకుండా చేయాలని మణెమ్మ అన్నది. పొద్దున్నే పోయి జమ్మి తెచ్చింది. మిషన్‌ను, కత్తెరను, ఇస్త్రీ పెట్టెను కడిగినంత పని చేసి తుడిచింది. పసుపు ఏ ఏడూ లేనంత పూసింది. రివాల్వర్ పళ్లెం పెట్టే చోట ఖాళీగా ఉంటే, అక్కడ సురేశ్ ఫొటో పెట్టింది. మిషన్ పలక సందులో ఆకు దోపుతూ, ఇంకోటి తుంచి అదీ దోపింది. పక్కింటి ఆమె వస్తే, ఏడు తప్పితే ఏమవుతుందో నా కొడుకును చూసి తెలుసుకోవాలె అక్కా అని చెప్పింది. ఎల్లేశం ఆ మాట విని బయటికి పోయి, పొద్దుగూకిందాక అమీర్‌పేటలో ఊరికే తిరిగి వచ్చాడు.

తెల్లవారి ఒక రవికె ఇవ్వాల్సి ఉంది. మణెమ్మ వంటింట్లో ఉన్నది. ఎల్లేశం అలవాటు కొద్దీ కిరసనాయిలు సీసా తీసుకున్నాడు, పాత బనీను గుడ్డ తీసుకున్నాడు, మిషన్ ముందు కూర్చుని పలక స్క్రూ వదులు చేశాడు. పలక పైకి లేస్తుండగా అడుగుల చప్పుడు వినిపించింది. మణెమ్మ చాయ్ పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"ఏం జేస్తున్నవ్?"

ఎన్నో ఏళ్లుగా చేస్తున్న ఈ పనిని ఆమె ఎన్నడూ చూడలేదు. దుకాణంలో షట్టర్ వెనక జరిగేది. తుడవకపోతే పట్టేస్తదే అని చెప్తే సరిపోతుంది. చెప్తే ఆమె సరే అంటుంది. చాయ్ ఇచ్చి లోపలికి పోతుంది. పొయ్యి దగ్గర నిలబడి ఉన్నప్పుడో, బట్టలు ఆరేస్తున్నప్పుడో, మిషన్ పట్టేస్తే మరి తుపాకి అని ఆమెకు తోస్తుంది. ఆ తర్వాత ఆమెకు చెప్పడానికి ఎవరి దగ్గరా ఏమీ ఉండదు.

గుడ్డను తొడ కింద పెట్టుకున్నాడు.

"ఏం లే. దారం ఎక్కిస్తున్న."

ఆకులు లోపల ఉండగానే పలక దించి స్క్రూ బిగించాడు. దారం ఎక్కించాడు. రవికె చెయ్యి సూది కింద పెట్టి కాలు ఆడించాడు. మిషన్ బరువుగా కదిలింది. నాలుగు కుట్లు పడ్డాయి. దారం తెగింది. ఎల్లేశం కొస తడిపి మళ్లీ ఎక్కించాడు. చక్రం చేత్తో తిప్పి వదిలాడు. లోపల ఏదో పట్టి, వదిలి, మళ్లీ పట్టింది. దారం మళ్లీ తెగింది.

మణెమ్మ చాయ్ గ్లాసు కిటికీలో పెట్టింది.

"ఏమైంది?"

"దారం మంచిగ లేదు."

ఆమె వంగి మిషన్ మెడ మీది బొట్టు చూసింది. చెక్కు చెదరకుండా ఉంది. దాన్ని వేలితో తాకి కళ్లకు అద్దుకుంది.

"దారమే అయ్యుంటది" అన్నది. "మిషన్‌కు ఏం కాదు. దానికి చేసిన కదా."

"ఆఁ" అన్నాడు ఎల్లేశం.

దారం కొస తడుపుకుని, సూది బెజ్జం కోసం తల వంచాడు.